ఫీజు లేని వకీలు: ఉచిత న్యాయ సహాయ సేవపై ఒక వినియోగదారు సమీక్ష

మా జిల్లా కోర్టు ప్రాంగణంలో స్టాంపు వెండర్ల బల్లలు, టైపు మిషన్ల వరస దాటి లోపలికి వెళ్తే, వేపచెట్టు వెనక ఒక చిన్న భవనం కనిపిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం అదే. గుమ్మం పక్కన నీలం రంగు బోర్డు మీద ‘ఉచిత న్యాయ సహాయం మీ హక్కు’ అని రాసి ఉంది. సాధారణంగా ప్రభుత్వ బోర్డుల మీద ‘పథకం’, ‘లబ్ధిదారులు’ అన్న మాటలే చూస్తూ ఉంటాం కాబట్టి, ‘హక్కు’ అన్న ఆ ఒక్క మాట దగ్గర నా చూపు ఆగింది. తొమ్మిది నెలల పాటు ఈ సేవను దగ్గరగా చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. లోపలికి వచ్చిన మనిషిని ఆ బోర్డు మీద ఉన్న మాటకు తగ్గట్టు చూశారా లేదా అన్నదే నా కొలబద్ద.

వినియోగదారు నిజానికి నేను కాను. మా ఇంట్లో పన్నెండేళ్లుగా పని చేస్తున్న ఆమె. నన్ను టీచరమ్మా అని పిలుస్తుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. భర్త రెండేళ్లుగా వేరే ఊళ్లో ఉంటూ, ఇంటికి పైసా పంపకుండా, కూతురి చదువు మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తున్నాడు. మనోవర్తి (భర్త నుంచి పోషణ ఖర్చు) కేసు వేయాలంటే పాతిక వేలు అవుతుందని ఎవరో వకీలు గుమాస్తా చెప్పడంతో ఆమె ఆ ఆలోచనే మానుకుంది. ఉచిత న్యాయ సహాయానికి ఉన్న 15100 నంబరుకు ఫోన్ చేయమని చెప్పింది నేనే. ఆ టోల్ ఫ్రీ నంబరు దేశమంతటా పని చేస్తుంది. తెలుగులోనే మాట్లాడారు, జిల్లా కార్యాలయానికి ఏయే కాగితాలు తీసుకెళ్లాలో చెప్పారు, రెండు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ భాగానికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

వంక పెట్టవలసింది గుమ్మం దాటిన తర్వాత ఎదురైంది. ముందు గదిలో కూర్చున్న ఉద్యోగి దరఖాస్తు అందుకుని, తల ఎత్తకుండానే, “ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఏదమ్మా?” అని అడిగాడు. ఆమె మొహం చిన్నబోయింది. మీసేవలో ఆ పత్రానికి ఒకసారి తిరిగిన అనుభవం ఆమెకు ఉంది. నిజానికి ఆ ప్రశ్నే అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఎవరెవరికి ఈ సేవ అందాలో చెబుతుంది: షెడ్యూల్డ్ కులాల వారు, షెడ్యూల్డ్ తెగల వారు, మనుషుల అక్రమ రవాణాకు గానీ వెట్టిచాకిరికి గానీ గురైన వారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, వరదలు, భూకంపాలు, కుల దాడుల వంటి వాటిలో నష్టపోయిన వారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్న వారు. ఆదాయ పరిమితి వీళ్లెవరికీ వర్తించదు, ఈ జాబితాలోకి రాని మిగతా వారికి మాత్రమే. ఆ మిగతా వారి విషయంలో కూడా సొంత అఫిడవిట్ సరిపోతుందని భావించవచ్చునని 13వ సెక్షన్ అంటుంది. నేను ఈ మాట చెప్పేలోపే, పక్క బల్ల దగ్గర కూర్చున్న పారా లీగల్ వాలంటీరు (వచ్చినవారికి దారి చూపే, వకీలు కాని సహాయకురాలు), నడివయసు మహిళ, కుర్చీ జరుపుకుంటూ వచ్చి, “స్త్రీలకు అది అడగకూడదు సార్, ఆధార్ జిరాక్సు చాలు” అని నెమ్మదిగా అంది. ఆయన ఏమీ అనలేదు, కాగితం పక్కన పెట్టి ముద్ర వేశాడు. అదే మాట చెప్పే మనిషి ఆ రోజు అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

డబ్బున్న స్త్రీకి కూడా ఉచితంగా ఎందుకు అని మా బంధువుల్లో ఒకరు వాదించారు. ఇల్లు ఎవరి పేరిట ఉంది, పాస్ పుస్తకం ఎవరి బీరువాలో ఉంది అని అడిగితే ఆ వాదన అక్కడితో ఆగిపోయింది.

ఈ సేవ ఎవరో దయతలచి పెట్టింది కాదు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది. పేదరికం వల్ల గానీ మరే అశక్తత వల్ల గానీ ఏ పౌరుడికీ న్యాయం దొరకని పరిస్థితి రాకూడదని, అందుకు ప్రభుత్వం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రం, దాని కోసం నేరుగా కోర్టుకు వెళ్లడం కుదరదు. దానికి ప్రాథమిక హక్కు బలాన్ని ఇచ్చింది 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు. బిహార్ జైళ్లలో విచారణ ఖైదీలు, తమ మీద మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం, జామీను కట్టే స్తోమత లేక, అడిగే వకీలు లేక మగ్గుతున్నారన్న పత్రికా కథనాల ఆధారంగా కపిలా హింగోరాణి అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. సత్వర విచారణ, ఉచిత న్యాయ సహాయం రెండూ 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం తేల్చింది. రెండేళ్ల తర్వాత, భాగల్పూర్‌లో పోలీసులు నిందితుల కళ్లు పొడిచిన ఉదంతంలో వచ్చిన ఖత్రీ కేసులో, డబ్బు లేదన్న సాకు ప్రభుత్వం చెప్పకూడదని, నిందితుణ్ణి మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన నాటి నుంచే ఈ హక్కు మొదలవుతుందని కోర్టు అంది. 1986లో సుక్ దాస్ కేసులో మరో మెట్టు ఎక్కింది: నిందితుడు అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అనడం కుదరదు, హక్కు ఉందని తెలియని మనిషి దాన్ని ఎలా అడుగుతాడు? 1987లో చట్టం వచ్చినా అది అమలులోకి రావడానికి 1995 నవంబరు 9 దాకా ఆగవలసి వచ్చింది. ఏటా ఆ తేదీనే న్యాయ సేవల దినోత్సవంగా జరుపుతారు.

1948 డిసెంబరు 10 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో, చట్టం ముందు అందరూ సమానులేనని 7వ అధికరణంలోనూ, హక్కుకు భంగం కలిగినప్పుడు న్యాయస్థానంలో తగిన పరిష్కారం పొందే హక్కు ఉందని 8వ అధికరణంలోనూ ఉంది. దాని మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అని ఉండబోయిన చోట ‘మనుషులందరూ’ అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. భారతదేశం 1979లో అంగీకరించిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో ఉచిత వకీలు హామీ నేరారోపణ ఎదుర్కొంటున్న వారికే రాసి ఉంది. మన చట్టం మనోవర్తికి, ఆస్తి తగాదాకు, కూలి బకాయికి కూడా ఇస్తుంది. ఈ ఒక్క విషయంలో మన కాగితం గొప్పదని ఒప్పుకోవాలి. తెలుగునాట హక్కులు అనగానే కన్నబిరాన్, బాలగోపాల్ వంటి వారు నల్లకోటు వేసుకుని పేదల తరఫున నిలబడిన కోర్టు గదులు గుర్తుకొస్తాయి. అటువంటి వారు ప్రతి ఊరికీ ఒకరు దొరకరు కాబట్టే ఇటువంటి కార్యాలయం ఒకటి కావాలి.

వారం తిరక్కుండానే ప్యానెల్ న్యాయవాదిని, అంటే సంస్థ జాబితాలోని వకీలును, కేటాయిస్తూ ఉత్తరం వచ్చింది. ఇక్కడే ఈ సేవలో అత్యంత బలహీనమైన భాగం మొదలైంది. ఆ యువకుడు మొదటి రెండు వాయిదాలకు రాలేదు. మూడోసారి కనిపించి టైపింగుకు, జిరాక్సులకు ఎనిమిది వందలు అడిగాడు. ఆమె ఇచ్చేసింది, నాతో చెప్పడానికి మొహమాటపడి పది రోజుల తర్వాత చెప్పింది. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, పిటిషను తయారీ, అనువాదం, సాక్షుల ఖర్చులు అన్నీ సంస్థే భరించాలి. ఈ సేవ కింద కేటాయించిన న్యాయవాది కక్షిదారు దగ్గర పైసా తీసుకోకూడదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. సంస్థ ఈ న్యాయవాదులకు ఇచ్చే పారితోషికం చాలా తక్కువని, అదీ ఆలస్యంగా వస్తుందని కోర్టు ఆవరణలో అందరూ అంటారు. అయినా ఆ కొరతను తీర్చవలసింది నెలకు తొమ్మిది వేలు సంపాదించే మనిషి కాదు. తెల్లకాగితం మీద తెలుగులో ఫిర్యాదు రాసి సంస్థ కార్యదర్శికి ఇచ్చాం. కార్యదర్శి అంటే సివిల్ జడ్జి హోదా ఉన్న న్యాయాధికారి. ఆయన చదివి, ఆమెనే నేరుగా రెండు ప్రశ్నలు అడిగి, వారంలో వకీలును మార్చారు. ఎనిమిది వందలూ తిరిగి వచ్చాయి. ఫిర్యాదు చేస్తే కదిలే వ్యవస్థ ఇది. చేయకపోతే కదలదు.

రెండవ న్యాయవాది పని వేరు. 2024 జూలై 1 నుంచి మనోవర్తి దరఖాస్తు భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వేయాలి. పాత వారికి అది పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125 సెక్షన్ అంటేనే తెలుస్తుంది. 2020లో రజనీశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు తెలిపే అఫిడవిట్ దాఖలు చేయాలి. ఆ నమూనా పేజీల కొద్దీ ఇంగ్లీషులో ఉంది. న్యాయవాది దాన్ని ముందేసుకుని ఒక్కొక్క గడీ తెలుగులో చదువుతూ అడుగుతుంటే, ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ చెప్పింది: ఇంటి అద్దె మూడు వేలు, పాలు రోజుకు అర లీటరు, గ్యాసు బండ రెండు నెలలకు ఒకటి, బియ్యం రేషన్‌వే, పిల్ల ఆటో ఆరు వందలు. ‘వినోదం, విహారం’ అన్న గడీ దగ్గర ఆమె నవ్వి, “తిరణాల అని రాయండమ్మా” అంది. న్యాయవాది కూడా నవ్వి, సున్నా రాసింది. ఆ గంటన్నరలో ఆమె జీవితాన్ని ఎవరో మొదటిసారి లెక్కలోకి తీసుకున్నట్టు నాకనిపించింది. నేను చూసిన వాటిలో ఈ సేవ తన పేరుకు తగ్గట్టు నిలిచిన ఘడియ అదే.

ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే లోక్ అదాలత్ గురించి కూడా రాయాలి, ఎందుకంటే చాలామందికి ఈ సంస్థ అంటే అదే. అక్కడ రాజీ కుదిరితే వెలువడే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. చెక్ బౌన్సు, మోటారు ప్రమాద నష్టపరిహారం వంటి కేసులకు ఇది నిజంగా మేలైన దారి. అయితే ఆమె కేసు అక్కడికి వెళ్లిన ఆదివారం హాలులో జనం కిటకిటలాడుతూ, బల్లకు బల్లకు మధ్య మాట వినిపించనంత రొద. భర్త తరఫు వాళ్లు నెలకు మూడున్నర వేలు అన్నారు. “సర్దుకుపోరాదా తల్లీ” అని చుట్టూ ఉన్నవాళ్లే అనడం మొదలుపెట్టారు. ఆమె తల అడ్డంగా ఊపింది. బల్ల దగ్గర కూర్చున్న న్యాయాధికారి, ఇష్టం లేకపోతే సంతకం పెట్టవద్దని, కేసు మళ్లీ కోర్టుకే వెళ్తుందని స్పష్టంగా చెప్పారు. చట్టం చెప్పేదీ అదే. కానీ ఆ మాట ఆమె అడ్డంగా తల ఊపిన తర్వాత కాకుండా, కూర్చోగానే ప్రతి ఒక్కరికీ చెప్పాలి. అప్పీలు లేని కాగితం మీద సంతకం పెట్టే ముందు తెలియవలసిన మొదటి సంగతి అదే కదా.

ఐదుకు ఎన్ని నక్షత్రాలు అంటే, టోల్ ఫ్రీ నంబరుకు, పారా లీగల్ వాలంటీరుకు, రెండవ వకీలుకు నిండుగా ఐదు. కార్యదర్శికి నాలుగు. లోక్ అదాలత్ హాలుకు మూడు. ముందు గదికి రెండు, మొదటి వకీలుకు ఒకటి కూడా ఎక్కువే. వెళ్లదలచిన వారు ఆధార్, కేసుకు సంబంధించిన కాగితాలు తీసుకుని ఉదయం పదిన్నరకల్లా వెళ్లడం మంచిది. కోర్టు మొదలైతే వకీళ్లు దొరకరు. మండల స్థాయిలో కూడా కమిటీలు ఉన్నాయి, జిల్లా కేంద్రం దూరమైన వారు అక్కడే దరఖాస్తు ఇవ్వవచ్చు. జైల్లో ఉన్న మనిషి కోసమైతే ఇంటివాళ్లు ఇచ్చినా తీసుకుంటారు. డబ్బు అడిగితే ఇవ్వకండి, కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మధ్యంతర మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టం అంటుంది. ఆమెకు అయిదు నెలలు పట్టింది. నెలకు అయిదు వేల రూపాయలు, దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కగట్టి ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. మొదటి నెల సొమ్ము బ్యాంకులో పడింది, రెండో నెలది పడలేదు. పోయిన సోమవారం ఆమె పనికి రాకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మధ్యాహ్నం ఫోన్ చేసి, “వసూలు పిటిషను వేయడానికి కోర్టుకొచ్చాను టీచరమ్మా, రేపొస్తా” అని చెప్పింది. తోడు రమ్మని నన్ను అడగలేదు.