ఓరుగల్లు ఎండలల్ల కాస్ పోర్టా ప్రో

పొద్దంతా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూసునే పని నాది. హన్మకొండల డీటీపీ చేస్త. జానపదం మీద పరిశోధన చేసే పిల్లలు ఒగ్గుకథ రికార్డింగులు తెస్తరు, విని టైపు చేసియ్యాలె. ఆ పనికి నేను వాడే పోర్టా ప్రో అనే హెడ్‌ఫోన్ గురించే ఈ ముచ్చట. సినిమా పాటల కోసం కొనేటోళ్లకు నా లెక్క కొంచెం తేడాగ అనిపించొచ్చు.

సౌండు కన్నా ముందు చెమట సంగతి చెప్పాలె. మే నెలల మా దిక్కు ఎండకు, చెవి మొత్తం కప్పే రెగ్జిన్ మెత్తలు కాసేపటికే తడిసిపోతయి. కొన్నాళ్లకు పైపొర పెచ్చులూడి చెంపలకు నల్లగ అంటుతది. పోర్టా ప్రోకు ఆ గోస లేదు. పల్చటి స్పాంజి చెవి మీద ఆనుతది, వెనుక మూత లేదు, గాలి ఆడుతది. కణతల దగ్గర ఇంకో జత స్పాంజి ముక్కలు, పక్కనే చిన్న మీట. మీటను వదులు దిక్కు జరిపితే ఒత్తిడి చెవుల మీదికెల్లి కణతలకు పోతది. కాస్ అనే అమెరికా కంపెనీ 1984ల తెచ్చిన సరుకిది, వాక్‌మన్ల కాలం నాటిది. రూపం ఇప్పటికీ దాదాపు అదే. నెత్తి మీది ఇనుప పట్టీలు మాత్రం జుట్టు పీకుతయి. మా ఇంటామె ఒక్కసారి పెట్టుకొని మళ్ల ముట్టలే.

ఐనవోలు మల్లన్న జాతరల ఎవలో ఫోన్ల పట్టిన కథ పెట్టి విన్న. డోలు నిండుగ వస్తది. నిండుగ అంటే, జరంత ఎక్కువే. కథకుడు పదం చివర గొంతు దించితే డోలు మింగేస్తది. నాకేమో ఆ పదమే కావాలె. ఈక్వలైజర్ల, అంటే సన్న మోత, మంద్ర మోత ఎంతెంత ఉండాల్నో సరిచేసే సెట్టింగుల, మంద్రపు మోత ఉండే 150 హెర్ట్జ్ అటూఇటూ కొంచెం తగ్గించిన, మాట తేటపడ్డది. తాళాల పదును తక్కువ, గంటల తరబడి వినేటోనికి అదే మంచిది.

అయితే హెడ్‌ఫోన్ మార్చినప్పటి కన్నా, ఫైలు తెప్పించే తీరు మార్చినప్పుడే నాకు ఎక్కువ తేడా తెలిసింది. వీడియోను మామూలుగ పంపితే వాట్సాప్ కుదిస్తది, డాక్యుమెంటుగ పంపితే ఉన్నదున్నట్టు వస్తది. మెమొరీ కార్డే చేతికిస్తే ఇంకా నయం. ఫైలుల లేని మాటను ఏ హెడ్‌ఫోనూ పుట్టియ్యలేదు.

వెనుక మూత లేదు కాబట్టి కూలర్ మోత లోపలికొస్తది, మన కథ బయటికి పోతది. కాజీపేటల గోల్కొండ రైలు ఎక్కితే ఇది సంచిల పెట్టుకోవుడే. చక్రాల మోతను దాటాలని వాల్యూం పెంచితే చెవులకే చేటు. పెద్దోళ్లకు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్స్ దాకే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రైలుకు రబ్బరు బుడిపెల ఇయర్‌ఫోన్లే నయం. డబ్బాల వచ్చే మూడు సైజులూ పెట్టి చూడాలె, ఒక్కో చెవికి ఒక్కో సైజు పట్టొచ్చు. సందు మిగిలితే బేస్, అంటే మంద్రపు మోత, మొత్తం పోతది, జనం సరుకు బాగలేదని తిడుతరు.

పోర్టా ప్రో ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 60 ఓమ్‌లు. మామూలు ఫోనే లాగుతది, సౌండుకు బలమిచ్చే ఆంప్ డబ్బా ఖర్చు దండుగ. జాకు లేని ఫోనైతే టైప్-సీ కనెక్టర్ కొనాలె. లోపల డాక్, అంటే ఫోన్ల డిజిటల్ సౌండును హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే తీరుగ మార్చే చిప్పు, ఉన్నదే అడుగుండ్రి, ఉత్త తీగెతోని చేసినవి శాన ఫోన్లల్ల పలుకయి.

స్పాంజి చిరుగుతది, ఆన్‌లైన్ల కొత్తవి దొరుకుతయి. అసలు చిక్కు తీగెతోనే. సన్నటిది, ఊడిరాదు. పిన్ను దగ్గర తెగితే సెల్ రిపేరు పిల్లగాడే అతుకుతడు గని, ఇసొంటి సన్నపోగులకు ఎక్కువగ వార్నిష్ పూత ఉంటది. అది కాల్చి గీకకుంటే సీసం పట్టదు. పక్కన నిలబడి చెప్పి చేయించుకోండ్రి.