నెస్టెడ్ అర్రేల సర్దుబాటు: ఫర్‌ఈచా, అర్రే_కాలమా?

గుంటూరు బ్రాడీపేటలో పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకునే పిల్లలు ఎప్పుడు కలిసినా ఇదే అడుగుతున్నారు: "అన్నా, అర్రే_కాలమ్‌తో ఒక్క లైన్లో అయిపోయేదానికి ఫర్‌ఈచ్ దేనికి?"

నెస్టెడ్ అర్రే అంటే అర్రేలో అర్రే. ఫర్‌ఈచ్ అంటే ఒక్కో వరసనూ తీసి పని చేసే లూప్, అర్రే_కాలమ్ అంటే వరసల్లోంచి కావలసింది తీసి కీలు పెట్టి ఇచ్చే రెడీమేడ్ ఫంక్షన్. మన మిర్చి యార్డు లెక్కే తీసుకోండి. డేటాబేస్ నుంచి లాటుకో వరస వస్తుంది: లాటు నంబరు, రకం, టిక్కీలు (బస్తాలు), క్వింటా ధర. లాటు నంబరే కీగా (వరసను వెతికే గుర్తుగా) కావాలంటే అర్రే_కాలమ్‌ను మించింది లేదు. రెండో ఆర్గ్యుమెంటు నల్ (అంటే వరసంతా కావాలని), మూడోది లాటు నంబరు కాలమ్ పేరు, అంతే. 5.5 వెర్షన్ నుంచీ ఉన్నదే.

అదే రకాన్ని కీగా పెట్టి చూడండి. తేజ లాట్లు ఎన్ని వచ్చినా మిగిలేది ఆఖరిది ఒక్కటే. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు, మొత్తం టిక్కీలు కూడితే తప్ప తేడా బయటపడదు. అందుకే నేను ముందు చూసేది ఒకటే: ఒక కీ కింద ఒక వరసే వస్తుందా, చాలా వస్తాయా? చాలా వచ్చేచోట ఫర్‌ఈచ్ లోపల ఈ లైను చాలు:

$గుంపు[$లాటు['రకం']][] = $లాటు;

కిటుకంతా చివరున్న ఆ ఖాళీ బ్రాకెట్లలో ఉంది. ఆ రకం పేరుతో గుంపు అప్పటికి లేకపోతే దానంతటదే పుడుతుంది. (తెలుగు వేరియబుల్ పేర్లు పీహెచ్‌పీకి సమ్మతమే. మీ టీమ్ లీడర్‌కి కాకపోవచ్చు.)

అర్రే మొత్తాన్ని ఒక్క విలువగా కుదించే అర్రే_రెడ్యూస్‌తోనూ ఇదే పని చేయొచ్చు, చదివేవాడికి తిప్పలు తప్ప లాభం లేదు. అర్రే_వాక్_రికర్సివ్ చివరి విలువల దగ్గరికే వెళ్తుంది, లోపలి అర్రేల్ని మనం రాసిచ్చే కాల్‌బ్యాక్‌కి ఇవ్వదు. ఆకారం మార్చడానికి పనికిరాదు. పీడీఓలో (డేటాబేస్‌తో మాట్లాడే పీహెచ్‌పీ భాగం) ఫెచ్_గ్రూప్ బాగానే ఉంటుంది, కాకపోతే సెలెక్ట్‌లో మొదటి కాలమ్‌నే కీ చేసుకుని వరసలోంచి తీసేస్తుంది.

రెండు రోజుల గుంపుల్ని కలిపేటప్పుడు ఇంకో చిక్కుంది. మన దగ్గర తేజతో పాటు 341, 334 కూడా రకాల పేర్లే. '341' అని స్ట్రింగ్‌గా ఇచ్చినా కీ దగ్గరికొచ్చేసరికి పీహెచ్‌పీ దాన్ని పూర్ణాంకం చేస్తుంది. అప్పుడు అర్రేల్ని లోపలి దాకా కలిపే అర్రే_మెర్జ్_రికర్సివ్ వాడితే తేజ లాట్లు చక్కగా ఒకచోట చేరతాయి. 341వి మాత్రం 0, 1 అంటూ కొత్త నంబర్లతో విడివిడిగా పడతాయి, ఏ రకమో కీ చూసి చెప్పలేం. ప్లస్‌తో కలిపితే కీలు నిలుస్తాయి గానీ, రెండు రోజులూ వచ్చిన రకాలకు రెండో రోజు లాట్లు పోతాయి. రెండు రోజుల వరసల్నీ పై లైనులోంచే పంపిస్తే ఈ గొడవే ఉండదు.