గోల్డ్‌ఫిషా, గప్పీలా?

తిరుపతిలో తొలిసారి చేపల తొట్టి పెట్టేవారి చూపు ముందు గోల్డ్‌ఫిష్ మీదే పడుతుంది. అందం దానిదే, కాదనను. కానీ అది చల్లటి నీటి చేప. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే తొట్టి నీరు వేడెక్కి, అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. మా ఇంట్లో మధ్యాహ్నమైతే పాపం, నీటి పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేసేది. పైగా తిండిపోతు, దాని వ్యర్థాలతో నీటిలో చేపలకు విషమైన అమ్మోనియా ఇట్టే పెరుగుతుంది. గుండ్రటి గాజు గిన్నె దానికి చెరసాలే.

నా ఓటు గప్పీలనే చిన్న రంగుల చేపలకే. అయిదారు చేపలకు 40 లీటర్ల తొట్టి చాలు, బోరు నీటి కాఠిన్యమూ వాటికి ఇబ్బంది కాదు. చిక్కల్లా సంతానమే, దాదాపు నెలకోసారి పిల్లలు పెడతాయి! మగవాటినే తెచ్చుకుంటే ఆ బెడద ఉండదు.