52 సీసీ గడ్డి మిషన్: కోత బాగుంది, స్టార్టింగ్ దగ్గరే తంటా

జంగారెడ్డిగూడెం వైపు మా పామాయిల్ తోటలో పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే 52 సీసీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ కొన్నేళ్లుగా వాడుతున్నాం. భుజానికి బెల్టుతో తగిలించుకునే రకం. కంపెనీ పేరు రాయను. ఈ సైజులో బజార్లో దొరికేవాటిలో చాలావాటి ఇంజను ఒకే తీరుగా ఉంటుంది, రంగూ స్టిక్కరే తేడా. కోతకు వంక పెట్టలేం. గరికకు నైలాన్ తీగ, వయ్యారిభామకూ ముదురు తుప్పలకూ ఇనుప బ్లేడు వేస్తాం. పాదుల దగ్గర మాత్రం తీగే వాడాలి, బ్లేడు తగిలిందంటే లేత మొక్క మట్ట తెగిపోతుంది.

తంటా అంతా స్టార్టింగ్ దగ్గరే, అదీ ఏడాది పొడుగునా కాదు. రోజూ తోటలోకి వెళ్లే నెలల్లో తాడు ఒకటి రెండుసార్లు లాగితే చాలు, అందుకుంటుంది. వేసవంతా షెడ్డులో పడుకుని తొలకరికి బయటికొచ్చినప్పుడే మొండికేస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ముందు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మారుస్తారు, తర్వాత ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ అంటారు, ఆపైన పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ మొత్తం మార్చేద్దాం అంటారు. నేను చూసినంతలో పది కేసుల్లో ఏడెనిమిదింటికి కారణం ట్యాంకులో మిగిలిపోయిన పాత పెట్రోలే.

పెట్రోల్లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఉంటుంది. చల్లటి ఇంజను అంటుకోవడానికి అదే కావాలి, నిల్వ ఉంచితే ముందు ఎగిరిపోయేదీ అదే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. చెమ్మ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, ట్యాంకులో పైపు పీల్చేది ఆ అడుగునుంచే. అనుమానం వస్తే కాస్త గాజు సీసాలోకి వంపి వెలుతురులో చూడండి. కింద వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోలు ఇక ఇంజనుకు పనికిరాదు. వాసన పుల్లగా, వార్నిష్ లాగా ఉన్నా అంతే.

కొత్తగా కలిపిన పెట్రోలు, ఆయిల్ మిశ్రమం పోసినా అందుకోకపోతే తాడు పట్టుకుని చేయి పడిపోయేదాకా లాగకండి. ప్లగ్గు విప్పి మొన చూడండి, మిగతా దారి అదే చెబుతుంది. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ట్యాంకులో పైపు చివరనున్న చిన్న ఫిల్టరు, పైపులో పగుళ్లు, పెట్రోలును పైకి లాగే రబ్బరు బుడ్డ నొక్కితే నిండుతోందా లేదా, మూతకుండే గాలి రంధ్రం, ఇవి చూడాలి. మూత వదులు చేయగానే ఇంజను ఆడితే జబ్బు ఆ రంధ్రంలోనే. ఇవన్నీ బాగున్నా అందకపోతే అప్పుడు కార్బొరేటర్. డయాఫ్రం రకమైతే లోపలి పల్చటి పొర గట్టిపడి ఉంటుంది. డయాఫ్రం కిట్టు విడిగా దొరుకుతుంది, దానికోసం కార్బొరేటర్ అంతా కొనక్కర్లేదు.

మొన తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, ఎక్కువైంది కూడా. స్విచ్ ఆపి, చౌక్ (ఇంజనులోకి వెళ్లే గాలిని తగ్గించే మూత) తెరిచి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ప్లగ్గు రంధ్రం కిందికి వచ్చేలా మిషన్ వంచి నాలుగైదు సార్లు లాగితే లోపలి పెట్రోలు కక్కేస్తుంది. తర్వాత ప్లగ్గు మొనలో నిప్పురవ్వ వస్తోందో లేదో చూడండి, కారిన పెట్రోలు తుడిచి, ఆ చోటికి దూరంగా వెళ్లాకే. కొత్త ప్లగ్గుకూ నిప్పు రాకపోతే వెంటనే కాయిల్ కొనొద్దు. స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే వైరు ఒకసారి పీకి చూడండి. ఆ వైరు గొట్టం దగ్గర ఒరుసుకుని తోలు ఊడి ఇనుముకు తగిలితే, మనం స్విచ్ ఆపినట్టే లెక్క. వైరు పీకినప్పుడు ఇంజను అందుకుంటే చౌక్ మూసి ఆపాలి.

చౌక్ విషయంలో కూలీలకు పదే పదే చెప్పాల్సి వస్తుంది. చల్లటి ఇంజనుకు చౌక్ మూసి లాగాలి. ఒకసారి దగ్గినట్టు చప్పుడు రాగానే తెరిచేయాలి. అది వినిపించుకోకుండా మూసే లాగుతూ పోతే ప్లగ్గు తడిసిపోతుంది. టీ తాగి వచ్చాక వేడి ఇంజనుకు చౌక్ అసలు అక్కర్లేదు. వేడెక్కాక ఆగిపోయి, చల్లారితేగానీ మళ్లీ అందుకోకపోతే మాత్రం కాయిల్‌ను అనుమానించాల్సిందే. ఆగిన వెంటనే నిప్పు చూస్తే తేలిపోతుంది.

ఆయిల్ సంగతి. మా మిషన్ పుస్తకంలో 25:1 అని ఉంది, అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్. 50:1 అడిగే మిషన్లూ ఉన్నాయి, వాటికి 20 చాలు. ‘కొంచెం ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిది’ అనే మాట మా ఊళ్లో గట్టిగా నాటుకుపోయింది. ఎక్కువైతే ప్లగ్గు నల్లబారుతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. తక్కువైతే పిస్టన్ గీసుకుపోతుంది, దానికి వైద్యం ఖరీదు. కోనసీమ, కాకినాడ తీరంలో పడవ ఇంజన్ల ఆయిల్ సులువుగా దొరుకుతుంది కానీ అది నీటితో చల్లబడే ఇంజన్లకు చేసింది, గాలితో చల్లబడే వీటికి పోయొద్దు.

సీజన్ చివర ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటది ఆగేవరకూ ఆడించి షెడ్డులో పెడతాం. సైలెన్సర్ నోటికి గుడ్డ కడతాం, కందిరీగలు మట్టిగూడు పెట్టకుండా. ఆ అలవాటు పడ్డాక తొలకరి గొడవ దాదాపు పోయింది.

నెలల తరబడి ఆడించే తోటకైతే ఈ మిషన్ కొనండి. ఇంటి పెరట్లో ఏడాదికి రెండు మూడుసార్లు గడ్డి కోయడానికైతే వద్దు, ఆ వాడకానికి బ్యాటరీది నయం. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ కలిపే బెడద లేదు గానీ పెట్రోలు నిల్వ సమస్య దానికీ ఉంటుంది. ఏది కొన్నా డబ్బు కట్టేముందు డయాఫ్రం కిట్టు, పెట్రోలు పైపు, తాడు ఆ షాపులోనే దొరుకుతాయా అని అడగండి. ‘తెప్పిస్తాం’ అంటే పక్క షాపుకు వెళ్లండి.