సెయింట్ మాలోనా, లోరియాన్‌నా?

ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో ఒక్క రేవు పట్టణమే చూసే వీలుంటే ఏది మేలు? ఫోటోల కోసమైతే అడగక్కర్లేదు, సెయింట్ మాలోనే. కోటగోడ మీద నడుస్తూ ఊరంతా చుట్టి రావచ్చు. ఆటు సమయంలో గ్రాండ్ బే దీవికి నడిచివెళ్లి రచయిత షాతోబ్రియాన్ సమాధి చూడొచ్చు. టైమ్ చూసుకోకపోతే మాత్రం అక్కడే ఇరుక్కుంటారు. పోటుకీ ఆటుకీ తేడా 12 మీటర్ల దాకా ఉంటుంది మరి.

లోరియాన్‌కి ఆ సోకు లేదు, అంతా కాంక్రీటు. నిజానికి రెండు ఊళ్లూ రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైనవే. 1944 ఆగస్టులో తగలబడ్డ సెయింట్ మాలోని పాత రూపు వచ్చేలా మళ్లీ కట్టారు. లోరియాన్‌లో జర్మన్ల జలాంతర్గాముల స్థావరం కెరోమాన్ బాంబులకు లొంగలేదు. దాంతో 1943 మొదట్లో మిత్రరాజ్యాల విమానాలు ఊరినే తుడిచిపెట్టాయి. స్థావరం ఇప్పటికీ చెక్కుచెదరలేదు!

మనతో చుట్టరికం చూస్తే ఎవరిది పైచేయి? 1746లో ఇంగ్లీషువాళ్ల నుంచి మద్రాసు పట్టుకున్న లాబూర్దొన్నే సెయింట్ మాలో మనిషి. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ చతికిలపడితే కొన్నేళ్లు దాని హక్కులు తీసుకుని మన వైపు ఓడలు నడిపిందీ ఆ ఊరి షావుకార్లే. అయినా వాళ్లకి ఇండియా ఒక బేరం మాత్రమే. లోరియాన్ పుట్టిందే ఆ కంపెనీ కోసం, 1666లో, ఓడలు కట్టడానికి. మూడేళ్లకే, గోల్కొండ సుల్తాను అనుమతితో, మచిలీపట్నంలో ఫ్రెంచి వర్తక స్థావరం వెలిసింది. పాండిచ్చేరి ఆ తర్వాతిదే.

మన తీరపు అద్దకం బట్టలంటే అక్కడ ఎంత మోజంటే, సొంత పట్టు, ఉన్ని పనివాళ్లు గోల పెట్టి 1686లో నిషేధం తెప్పించారు. అది 1759 దాకా నడిచింది. కంపెనీ మాత్రం పైదేశాలకు తిరిగి అమ్ముతామంటూ మూటలు దింపుకుంటూనే ఉంది. 1730ల నుంచి ఆ సరుకు వేలంపాటలన్నీ లోరియాన్‌లోనే. భారత దేశపు బట్టల్లో కొన్ని పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లి, మనుషుల్ని బానిసలుగా కొనడానికి చెల్లింపయ్యేవి. ఆ ఖాతా కూడా ఇక్కడి చరిత్రలోదే.

అందుకే నా ఓటు లోరియాన్‌కే. చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లు, బీచ్ కావాలనుకునేవాళ్లు సెయింట్ మాలో వెళ్లండి, తప్పులేదు. రెండింటికీ పారిస్ నుంచి డైరెక్ట్ టీజీవీ (హైస్పీడ్) రైళ్లున్నాయి. లోరియాన్‌లో దిగితే ముందు పడవెక్కి అవతలి ఒడ్డున పోర్ట్ లూయీ కోటకు వెళ్లండి, కంపెనీ మ్యూజియం అందులోనే. కెరోమాన్, అక్కడి ‘ఫ్లోర్’ అనే జలాంతర్గామి మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు.