మొదటి సొంత లారీ: పాత 3118తో నాలుగేళ్ల అనుభవం

జీతానికి బండి తోలిన డ్రైవరు మొదటిసారి సొంత లారీ కొనాలనుకుంటే పాతదే కొనడం మేలు. 2018 మోడల్ అశోక్ లేలాండ్ 3118 కొని, నాలుగేళ్లకు పైగా నేనే తోలుతూ, కిరాయిలు కూడా నేనే చూసుకుంటూ ఈ మాట అంటున్నాను. అయితే పాత బండ్లన్నీ ఒకటి కాదు. ఏ సంవత్సరం బండి అన్నదాన్ని బట్టే సగం సంగతి తేలిపోతుంది.

3118 అంటే మొత్తం బరువు 31 టన్నులు, ఇంజిను 180 హార్స్‌పవర్. పన్నెండు టైర్లు, ముందు రెండు స్టీరింగ్ యాక్సిళ్లు. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచాక వచ్చిన ఇదే తరహా బండ్లకు ఇంకా ఎక్కువ బరువుకు అనుమతి ఉంది. నా ఆర్‌సీలో మాత్రం 31 టన్నులే. ఖాళీ బండి బరువు తీసేస్తే సుమారు ఇరవై టన్నుల లోడు వేసుకోవచ్చు. పాత 3118లు తక్కువ ధరకు దొరకడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. "పక్క బండి ఎక్కువ వేసుకుంటోంది, నువ్వూ వేసుకో" అని లోడింగ్ దగ్గర తప్పకుండా ఒత్తిడి వస్తుంది. 2019 చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా ఇరవై వేలు, ఆపైన టన్నుకు రెండు వేలు. ఒక్కసారి కట్టామంటే ఆ ట్రిప్పులో మిగిలేది ఏమీ ఉండదు.

నేను ఈ బండినే ఎంచుకోవడానికి అసలు కారణం ఇంజిను. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 కాలుష్య నియమాలు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాయి. ఆ మధ్య కాలంలో వచ్చిన పెద్ద లారీల్లో చాలావాటికి యాడ్‌బ్లూ, అంటే పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం, పోయాలి. దాని పంపో సెన్సారో మొరాయిస్తే ఇంజిను లాగుడు తగ్గిపోతుంది, కంప్యూటర్ పెట్టి చూసే మనిషి కావాలి. లేలాండ్ అప్పుడు పొగలో కొంత మళ్లీ ఇంజినులోకే పంపే ఐఈజీఆర్ అనే పద్ధతి తెచ్చి, యాడ్‌బ్లూ అక్కర్లేకుండా ఇన్‌లైన్ పంపు అనే పాత తరహా డీజిల్ పంపుతోనే నడిపించింది. వర్క్‌షాపు, స్పేర్ బండి ఉన్న కంపెనీకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. ఒకే బండి మీద బతికేవాడికి మాత్రం ప్రాణం లాంటి విషయం.

ఒకసారి ఇచ్ఛాపురం దాటాక అర్ధరాత్రి బండి ముక్కి ముక్కి ఆగిపోయింది. దాబా పక్కన ఉన్న మెకానిక్ టార్చిలైటు నోట కరుచుకుని డీజిల్ ఫిల్టర్ విప్పితే అడుగున నీళ్లు. ఫిల్టరు మార్చి, పంపు దగ్గర బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ కూర్చున్నాడు. మొదట నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిండు ధారగా డీజిల్ వచ్చాక బోల్టు బిగించాడు. రెండో సెల్ఫ్‌కే ఇంజిను అందుకుంది. నా దగ్గర స్పేర్ ఫిల్టర్ ఉంది కాబట్టి కూలి డబ్బులతోనే పోయింది. ఆ లోడు తెల్లారేసరికి బరంపురం దాటింది.

బండి చూసేటప్పుడు విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాను. అమ్మేవాళ్లు ఇంజిను స్టార్ట్ చేసి చూపించబోతే, "అది తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు చక్రం ఎత్తించు" అన్నాడు. జాకీ పెట్టించి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. చక్రంతో పాటు యాక్సిల్ చివర కూడా కదిలితే కింగ్‌పిన్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరగడానికి ఆధారమైన పిన్ను, అరిగినట్టు. ఈ బండికి ముందు రెండు యాక్సిళ్లు కాబట్టి చూడాల్సినవి నాలుగు. రెండో యాక్సిల్ ఎడమవైపుది టక్ టక్ మని చప్పుడు చేసింది. ఆ ఒక్క చప్పుడు చూపించి ధరలో గట్టిగా తగ్గించుకున్నాం. ఆ తర్వాత ఇంజిను తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. పొగ బలంగా తోసుకొస్తే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టే, అంటే పిస్టన్లు, రింగులు అరిగి గాలి కిందికి కారుతున్నట్టే, అలాంటి బండి జోలికి పోవద్దు. చాసిస్ పొడవునా కొత్త పెయింటు కింద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో వేలితో తడిమి చూశాడు. క్యాబిన్ రంగులు, బొమ్మలు, తళతళలాడే టైర్లు మొత్తం చివర్లో చూడాల్సినవి. రీట్రేడ్ చేసిన, అంటే పాతవాటి మీద కొత్త రబ్బరు అతికించిన, టైర్లు అమ్మకానికి ముందు ఎక్కించడం మామూలే.

కాగితాల విషయంలో ఒకటే మాట. ఆర్‌సీలో పాత ఫైనాన్సు ఎంట్రీ కొట్టేయించాకే, అంటే అప్పు తీరిందని ఫైనాన్సు కంపెనీ సంతకం చేసిన ఫారం 35తో పాటు వాళ్ల అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) చేతికొచ్చాకే, పూర్తి డబ్బు ఇవ్వాలి. పాత యజమాని ఫాస్టాగ్ మూయించాలి. బీమా మన పేరుకు మారడానికి పద్నాలుగు రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. పెండింగ్ చలాన్లు కొనకముందే ఆన్‌లైన్లో కనిపిస్తాయి.

అప్పు దగ్గర మాత్రం నిదానంగా లెక్క వేసుకోండి. పాత బండికి "పది శాతమే" అని చెప్పే వడ్డీ సాధారణంగా ఫ్లాట్ వడ్డీ. పది లక్షలకు మూడేళ్లకు మూడు లక్షల వడ్డీ కలిపి, నెలకు 36 వేల చిల్లర కట్టిస్తారు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం పది లక్షల మీదే పడుతుంది. తగ్గే అసలు మీద లెక్క కడితే ఇది దాదాపు పద్దెనిమిది శాతం. ఈ లెక్క ఎవరూ నోరు విప్పి చెప్పరు, మనమే అడగాలి. బండి ధర సుమారు పదిహేను లక్షలైతే, కొన్నాక కూడా కనీసం రెండున్నర లక్షలు చేతిలో ఉండేటట్టు చూసుకోండి. కొత్త రేడియల్ టైరు ఒక్కటే ఇరవై వేల దాకా ఉంది. కింగ్‌పిన్లు, క్లచ్, ముందు టైర్లు, బ్యాటరీలు, ఈ ఖర్చులన్నీ నాకు మొదటి ఆరు నెలల్లోనే వచ్చాయి.

లోడుతో మైలేజీ లీటరుకు మూడున్నర నుంచి నాలుగు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ ధర ఒడిశా, కర్ణాటక, తమిళనాడు కన్నా ఎక్కువ కాబట్టి సరిహద్దు దాటాకే ట్యాంకు నింపుతాను. పిడుగురాళ్ల వైపు సిమెంటు వేసుకుని విశాఖ వెళ్తే, గాజువాక నుంచి ఇనుము తిరుగు లోడు దొరికిందా లేదా అన్నదే లాభనష్టాలు తేలుస్తుంది. అక్కడ రెండు రోజులు ఖాళీగా కూర్చోవడం కన్నా కాస్త తక్కువ కిరాయికైనా బయలుదేరడమే నా పద్ధతి. కిరాయిలో మిగిలిన బ్యాలెన్సు డబ్బు నెలల తరబడి ఆపే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు ఉన్నాయి. వాళ్లకు మళ్లీ బండి పెట్టను, కిరాయి ఎంత ఎక్కువ చెప్పినా సరే. పదికి మించని లారీలున్న యజమాని పాన్‌తో పాటు డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కొయ్యకూడదు. ఈ సంగతి తెలియక ఎంతోమంది డ్రైవర్లు డబ్బు వదులుకుంటున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆ కాలం లారీల్లో చాలావాటికి ఏసీ ఉండదు, మే నెలలో ఒంగోలు దగ్గర మధ్యాహ్నం క్యాబిన్‌లో కూర్చోవడం నరకం. 2025 అక్టోబర్ 1 నుంచి తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, డ్రైవర్లకు జరిగిన గొప్ప మేలు అది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ నాలుగైదు రోజులు కిరాయి ఉండదు. ఒకే కంపెనీకి కాంట్రాక్టు మీద నెలంతా తిప్పాలనుకునేవాళ్లు బీఎస్-6 బండే చూసుకోవాలి, చాలా కంపెనీలు ఇప్పుడు పాత బండ్లను గేటు లోపలికి రానివ్వడం లేదు.

ఇలాంటి బహుళ యాక్సిల్ బండికి నేషనల్ పర్మిట్ పదిహేనేళ్ల వరకు వస్తుంది, అంటే నాది 2033 దాకా. అప్పు తీరిపోయింది. ఈ వేసవి అయ్యాక ఇంజిను విప్పించి కొత్త లైనర్లు, పిస్టన్లు వేయించి ఇదే బండి నడుపుతాను.