ఆడేవాడా, చూసేవాడా?

మ్యాట్రిమోనీ ప్రొఫైళ్లలో "స్పోర్ట్స్ ఇష్టం" అని రాయని అబ్బాయి కనపడడు. ఆ ఇష్టం రెండు రకాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

చూసేవాడితో కాలక్షేపానికి లోటుండదు. ఉప్పల్‌లో ఐపీఎల్ టికెట్లు తనే బుక్ చేస్తాడు, ఎల్బీడబ్ల్యూ గురించి అర్ధరాత్రి దాకా వాదిస్తాడు. కానీ పొద్దున్నే ఐదున్నరకి నేను కిట్ బ్యాగ్ తగిలించుకుంటే "ఆదివారం కూడానా?" అంటాడు.

ఆడేవాడికి అది చెప్పక్కర్లేదు. మొన్న ఒకతన్ని కాఫీ షాపులో కాకుండా గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ కోర్టులోనే కలిశాను. నా రాకెట్ గ్రిప్ ఊడిపోతుంటే, అడక్కుండానే తన బ్యాగులోంచి కొత్తది తీసి చుట్టి ఇచ్చాడు. ముచ్చటేసింది. 21-17తో ఓడించాను. రాకెట్ నేలకేసి కొట్టాడు. ముచ్చట అక్కడితో సరి.

గోపీచంద్, పీవీవీ లక్ష్మి దంపతులిద్దరూ షట్లర్లే. ఆవిడ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడారు. సింధు మాత్రం 2024 డిసెంబరులో వ్యాపార రంగంలో ఉన్న వెంకట దత్త సాయిని పెళ్లి చేసుకుంది. మా అమ్మ ఈ రెండో ఉదాహరణే పట్టుకుంది.

నా ఓటు ఆడేవాడికే, ఓడినా నవ్వుతూ చేయి కలిపేటట్టయితే. శనివారం ఇంకొకతను వస్తున్నాడు. షటిల్స్ తనే తెస్తానన్నాడు.